ఇన్‌ఫెక్షన్ల ఫార్మసిస్టు కావాలంటే

ఫార్మ్‌డీ పట్టా చేతికి రాగానే లైసెన్సు తెచ్చుకుని మందుల షాపులో చేరితే మంచి జీతం వస్తుంది. అది వదిలేసి, అందులో సగానికి అటూ ఇటూ ఉండే స్టైపెండుతో మరో రెండేళ్లు రెసిడెన్సీ ఎందుకని తల్లిదండ్రులు అడగడంలో తప్పు లేదు. అమెరికాలో ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ ఫార్మసిస్టు కావాలంటే మాత్రం మామూలు దారి అదే. మొదటి ఏడు పీజీవై1, అన్ని వార్డులూ తిప్పే సాధారణ శిక్షణ. రెండో ఏడు పీజీవై2, పూర్తిగా ఇన్‌ఫెక్షన్ల మీదే.

2017 జనవరి నుంచి జాయింట్ కమిషన్ గుర్తింపు ఉన్న ఆస్పత్రులకు యాంటీబయాటిక్ స్టీవార్డ్‌షిప్, అంటే ఆ మందులను అవసరమైన మేరకే సరిగ్గా వాడేలా చూసే కార్యక్రమం, తప్పనిసరి అయింది. 2020లో మెడికేర్ కూడా అదే షరతు పెట్టింది. ఈ ఫార్మసిస్టులకు ఉద్యోగాలు అలా పెరిగాయి.

పని ఏమిటంటారా? బ్లడ్ కల్చర్‌లో ఏ క్రిమి పెరిగిందో తెలియగానే దానికి తగిన మందుకు మార్పించాలి. వాంకోమైసిన్ మోతాదు లెక్కగట్టాలి. మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ క్రిమి తీవ్ర ఇన్‌ఫెక్షన్లకు ట్రఫ్ (తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఉండే మందు స్థాయి) ఒక్కటే చూడటం చాలదని, ఏయూసీ (రోజు మొత్తంలో రక్తంలో మందు ఎంత ఉందో చెప్పే లెక్క) 400–600 మధ్య ఉండాలని 2020 మార్గదర్శకాలు చెప్పాయి. ఈ లెక్కలు ఎవరైనా నేర్చుకోవచ్చు. పాతికేళ్ల అనుభవమున్న సర్జన్‌కు ఫోన్ చేసి, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇక ఆపేయవచ్చని ఒప్పించడమే కష్టం. రోజూ ఆ ఫోన్లు చేయడం ఇష్టం లేనివాళ్లు వేరే స్పెషాలిటీ చూసుకోవడం మేలు.

పేరు చూసి ఎగబడటం ఎంసెట్ కౌన్సెలింగ్ నాటి నుంచీ మనవాళ్లకు అలవాటు. రెసిడెన్సీకి ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అక్కడి రోగులను, శిక్షణ తీరును. అవయవ మార్పిడి జరిగే ఆస్పత్రేనా? హెచ్ఐవీ క్లినిక్, మైక్రోబయాలజీ ల్యాబ్ రొటేషన్లు ఉన్నాయా? సిఫార్సులు రెసిడెంటే స్వయంగా చేస్తారా, శిక్షణ ఇచ్చే ప్రిసెప్టర్ వెనకాల నిలబడి చూస్తారా? వారాంతాల్లో మామూలు ఫార్మసీ డ్యూటీ ఎంత? ఈ ప్రశ్నలు ఇంటర్వ్యూ వేళ డైరెక్టరును కాదు, అక్కడ ఇప్పుడు శిక్షణలో ఉన్న రెసిడెంటును అడగాలి. నిజం అక్కడే తెలుస్తుంది.

పీజీవై1 ఎంపికలోనే పీజీవై2 గురించీ ఆలోచించాలి. రెండూ ఉన్న ఆస్పత్రిలో చేరితే, ఎర్లీ కమిట్‌మెంట్ కింద మ్యాచ్‌కు (అభ్యర్థుల, ఆస్పత్రుల ర్యాంకుల జాబితాలను కలిపి సీట్లు కేటాయించే పద్ధతి) ముందే రెండో ఏటి సీటు ఖాయం చేసుకునే వీలుండవచ్చు. అలా నిండిన సీటు బయటివాళ్ల దాకా రాదు. ర్యాంకుల జాబితా రాసేటప్పుడు మాత్రం, వాళ్లు మనల్ని తీసుకుంటారో లేదో అని ఊహించి క్రమం మార్చకూడదు. మనకు నచ్చిన వరుసలోనే రాయాలి. మ్యాచ్ లెక్క దానికే అనుకూలంగా కట్టారు.

హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చినవాళ్ల దారి కాస్త పొడవు. ఇండియాలో ఫార్మ్‌డీ 2008లో మొదలైంది, ఆరేళ్ల కోర్సు. అమెరికా గుర్తింపు లేని కాలేజీలో చదివినవాళ్లకు విదేశీ ఫార్మసీ పట్టభద్రులకిచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలి. దానికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతారు కనుక నాలుగేళ్ల బీఫార్మసీ ఒక్కటే చాలదు. వీసా స్పాన్సర్ చేయని ఆస్పత్రులూ ఉన్నాయి. దరఖాస్తు రుసుము కట్టకముందే ప్రోగ్రాం డైరెక్టరుకు ఈమెయిల్ రాసి ఆ సంగతి తేల్చుకోవాలి.