లేతు చక్కు: వెనుకకు త్రిప్పునపుడు దానిని బిగించు విధము

పంపు ఇరుసు అరిగినను, ట్రాక్టరు పనిముట్టులో పిన్ను విరిగినను నేడు రైతు వెళ్లునది లేతు పనివాని యొద్దకే. పంచాయతీ నీటి పంపుల మరమ్మతు కూడ తరచుగా అచ్చటనే జరుగును. అందుచే ఆ యంత్రమునందలి ఒక ప్రమాదమును సభ్యులు ఎరిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

లేతునకు తరిమెన యను తెలుగు పేరు పూర్వమునుండి కలదు. త్రాటితో లాగి త్రిప్పు తరిమెనపై కొయ్య ఒకమారు ముందుకు, ఒకమారు వెనుకకు తిరుగుచుండెడిది. అది రెండు మొనల నడుమ నుండుటచే విప్పుకొను భయము లేకుండెను. ఇనుప లేతు సంగతి వేరు. పాతవియు చిన్నవియు నగు లేతులలో పెక్కింటికి చక్కును ఇరుసు కొనపై సీసాకు మూతవలె మరతో బిగింతురు. ఇంగ్లండులో తయారైన మైఫోర్డ్ ఎం.ఎల్. 7 లేతునకు ఆ కొన వ్యాసము 1⅛ అంగుళములు. అంగుళమునకు 12 మరచుట్లు.

మామూలుగా లేతు తిరుగునపుడు పని పైభాగము పనివాని వైపునకు వచ్చి క్రిందికి దిగును. ఉలి దానిని అడ్డగించుటచే చక్కు మరింత బిగియును. వెనుకకు త్రిప్పినచో ఇదే బలము మరను విప్పును. ఉలి తగులనక్కర లేదు. బరువైన చక్కు కదలుటకు జంకుచుండగా ఇరుసు ముందుగా తిరుగుటయే చాలును. ముందుకు తిరుగుచున్న లేతును హఠాత్తుగా ఆపినను ఇట్లే జరుగును, చక్కు తన వేగముతో సాగిపోవును గనుక. ఊడిన చక్కు పని వస్తువుతో కూడ చేతులపై పడవచ్చును.

అట్లయిన వెనుకకు త్రిప్పుట ఎందులకని అడుగవచ్చును. అంగుళముల లీడ్ స్క్రూ గల లేతుపై మిల్లీమీటరు మరలు కోయునపుడు హాఫ్ నట్టును మధ్యలో విడువరాదు; విడిచినచో ఉలి మరల అదే గాడిలో పడదు. ఉలిని వెనుకకు తీసి, యంత్రమునే ఎదురు త్రిప్పి, మొదటికి తేవలయును. ఇట్టి పనికి నెమ్మదిగా మొదలిడి, పూర్తిగా ఆగిన పిదప దిశ మార్చిన చాలును. ఎడమ మరలకు మాత్రము ఎదురు త్రిప్పనక్కర లేదు. ముందుకే త్రిప్పుచు ఉలిని చక్కు నుండి దూరముగా నడిపిన సరిపోవును.

వెనుకకు త్రిప్పుచు లోహమును కోయవలసినపుడు చక్కును బంధింపక తప్పదు. ఇరుసుపై మర వెనుక గాడి యున్నచో, రెండు బద్దలుగా చేసిన వలయమును ఆ గాడిలో పట్టించి బ్యాక్ ప్లేటునకు బోల్టులతో బిగించుట గట్టి పద్ధతి. బోలు ఇరుసు గుండ కడ్డీ దూర్చి, చక్కును వెనుకకు లాగి నట్టుతో బిగించుట మరియొకటి. అయితే అప్పుడు పొడవైన కడ్డీ పని ఇరుసులో దూరదు. కొందరు బ్యాక్ ప్లేటునకు చిల్లి వేసి గ్రబ్ స్క్రూ బిగింతురు. దాని క్రింద ఇత్తడి ముక్క పెట్టనిచో మరచుట్లు చితికిపోవును, పెట్టినను అది రాపిడి పట్టు మాత్రమే. బరువైన కోతకు మేము దానిని నమ్మము.

ఏ పద్ధతికైనను ముందుగా మరలలోని ఇనుప రజను తుడిచి, చక్కు ఇరుసు భుజమునకు ఆనువరకు చేతితోనే ఎక్కింపవలయును. మోటారుతో ఎక్కించుట కూడదు. క్రొత్త లేతు కొనువారు మరకు బదులు క్యామ్ లాక్ కొన గలదానిని కోరినచో, మూడో ఆరో పిన్నులు చక్కును బంధించుటచే రెండు దిశలందును అది ఊడదు.