తీగె దిగినదా, రోడ్డు లేచినదా?

నూర్పిళ్లు ముగియగానే వరిగడ్డి లారీలు రోడ్డెక్కుట మన పల్లెసీమలలో పరిపాటి. అడ్డముగా పోవు విద్యుత్ తీగె గడ్డికి తగిలినచో క్షణములో నిప్పంటుకొనును. వెనువెంటనే వాదనయు మొదలగును. తీగె వ్రేలాడుచున్నదని డ్రైవరు, లోడు మితిమీరినదని విద్యుత్ సిబ్బంది. ఎవరిమాట నిజమో తేలవలెనన్న, తీగె ఎత్తు ఎట్లు మారునో ముందు తెలియవలెను.

రెండు స్తంభముల నడుమ తీగెను ఎంత బిగించినను అది సరళరేఖగా నిలువదు. దాని బరువే దానిని నడుమ క్రిందికి దించును. బిగువు మారకుండ స్తంభముల ఎడము రెట్టింపైనచో ఈ వ్రేలాటము నాలుగింతలగును. ఎండ ప్రభావము ఇంకను విచిత్రమైనది. 60 మీటర్ల ఎడములో అల్యూమినియము తీగె చలికాలపు వేకువను 60 సెంటీమీటర్లు వ్రేలాడుచున్నదనుకొందము. వేసవి ఎండకును, తనలో ప్రవహించు విద్యుత్తు పుట్టించు వేడికిని అది మరి 40 డిగ్రీలు వేడెక్కినచో పెరుగు పొడవు 5 సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ, అనగా మూడు వ్రేళ్ల వెడల్పు. ఇంతేనా అనిపించును. కాని ఆ మూడు వ్రేళ్లే వ్రేలాటమును దాదాపు రెట్టింపు చేసి, తీగెను అర మీటరు దించగలవు. బట్టలారవేయు దండెమును కాస్త వదులు చేసి చూచినవారికి ఇది క్రొత్త కాదు.

అందుచేతనే 1956 నాటి భారత విద్యుత్ నియమావళి తీగె ఎత్తును స్తంభము వద్ద గాక, దాని ఏ భాగమునందైనను చూడుమన్నది. వీధికి అడ్డముగా పోవు తీగె 650 వోల్టుల వరకు 5.8 మీటర్లకును, ఆపైన 33 కిలోవోల్టుల వరకు 6.1 మీటర్లకును తగ్గరాదు. 2010 నాటి నిబంధనలలోను ఇవే అంకెలు నిలిచినవి. సాధారణ లారీ ఎత్తునకు వాహన నియమావళి మొదట 3.8 మీటర్లు, 2020 సవరణ తరువాత 4 మీటర్లు హద్దుగా పెట్టినది. కాగితముపై లారీకిని తీగెకును నడుమ మనిషి నిలువెత్తు ఖాళీ ఉండవలెను. అది ఏమైనది?

కొంత స్తంభము ఒరిగిపోవుటలో పోయినది. కొంత గడ్డి కట్టలను హద్దుమీర పేర్చుటలో పోయినది. ఇక ఎవరి దృష్టికిని రానిది రోడ్డు. పాత రోడ్డును త్రవ్వకయే దానిపై తారో సిమెంటు కాంక్రీటో పరచిన ప్రతిసారి నేల కొంత లేచును. తీగె కదలకయే దాని ఎత్తు తగ్గును! ఈ చిక్కును 1956 నియమావళి ముందే ఊహించినది. లైను వేసిన తరువాత రోడ్డు మట్టము పెంచదలచినవారును, వారి కంట్రాక్టరును విద్యుత్ సరఫరాదారునకు వ్రాతమూలముగా ముందే తెలుపవలెనని శాసించినది. రోడ్డు వేయువారిలో ఈ నియమమును తలచువారెందరు?

కనుక బాధ్యత ఒకరిది కాదు. అయినను మొదటి భారము లైను యజమానిదే. వర్షపు నీటిలో పడియున్న తీగె వలన సైకిలుపై పోవు వ్యక్తి మరణించిన కేసులో, 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టపరచినది: ఇంత ప్రమాదకరమైన వస్తువును నడుపు సంస్థ, అజాగ్రత్త ఋజువు కాకున్నను నష్టమునకు జవాబుదారి. ఎవరో తీగెను అక్రమముగా లాగిరనుట కూడ సాకు కాజాలదు.

లోడుపై నిలిచి కర్రతో తీగెనెత్తు అలవాటు ప్రాణాంతకము. కర్రలోని తడియే చాలును. తీగె లారీకి తగిలినచో డ్రైవరు క్యాబినులోనే ఉండుట మేలు. ఒక కాలు లారీపై, ఒక కాలు నేలపై పెట్టినచో విద్యుత్తునకు అతడే దారియగును. మంట వలన దిగక తప్పనప్పుడు లారీని పట్టుకొనక రెండు పాదములు కలిపి దూకి, పాదములను ఎడము చేయక చిన్నగా జరుగుచు దూరము పోవలెను. నేలలోనికి దిగిన విద్యుత్తు వలన రెండు అడుగుల నడుమ కూడ వోల్టేజి భేదముండును. తీగె నిశ్శబ్దముగా నున్నదని సమీపింపరాదు. కొన్ని లైన్లలో సరఫరా ఆగిన కొన్ని క్షణములకే తనంత తానే తిరిగి వచ్చును.