శమంతకోపాఖ్యానము – అపహృతమణికథలలో అపవాదస్థానము

గోదావరీతీరమందలి నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిదప బొంబాయి రాష్ట్రమునను, 1960 నుండి మహారాష్ట్రమునను చేరినది. పాలనలెన్ని మారినను, భాద్రపద శుద్ధ చవితినాటి రాత్రి ఇచ్చట తెలుగువారి యింటను, మరాఠీవారి యింటను పెద్దలు పిల్లలకు చెప్పు మాట యొక్కటియే: చంద్రుని చూడరాదు, చూచినచో లేనిపోని నింద మీద పడును. ఆ మాటకు తార్కాణముగా చెప్పబడునది శమంతకోపాఖ్యానము. మనము వ్రతకథగా విని అక్షతలు శిరస్సున ధరించు ఈ కథ, పరిశీలించి చూచినచో, మణిచౌర్యము, ప్రణయము, అన్వేషణము అను మూడింటిని ముప్పేటగా పెనవేసిన అపరాధపరిశోధనగాథ. ఇట్టి కథలలో నిజముగా పోవునది మణి కాదనియు, మనుష్యునియందలి నమ్మకమనియు చూపుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

భాగవత దశమస్కంధమునందలి కథాక్రమమిది. పోతన తెనుగున నిది ఆ స్కంధపు ఉత్తరభాగమున నున్నది. సూర్యుడు సత్రాజిత్తునకిచ్చిన మణి దినమునకు 8 బారువుల బంగారము నొసగును. దానిని ఉగ్రసేనునకిమ్మని కృష్ణుడడుగగా సత్రాజిత్తు ఇయ్యలేదు. పిదప అతని తమ్ముడు ప్రసేనుడు మణిని కంఠమున ధరించి వేటకేగి తిరిగి రాలేదు. అడిగినవాడు కృష్ణుడు గనుక అపహరించినవాడును అతడేయని సత్రాజిత్తు తలచెను. ఆ మాట చెవినుండి చెవికి ప్రాకెను. కోరిక కలవానికే నేరమంటగట్టుట లోకరీతి.

ఇచ్చట కృష్ణుడు చేసిన పని గమనింపదగినది. అతడు కోపింపలేదు, ఒట్టు పెట్టుకొనలేదు. పౌరులను వెంటగొని అడవికేగెను. మొదట ప్రసేనుడును గుఱ్ఱమును సింహముచే చచ్చిపడియుండుట చూచిరి. మఱికొంత దూరమున కొండపై ఆ సింహమే భల్లూకముచే చచ్చియుండెను. ఆ జాడ జాంబవంతుని గుహకు చేర్చెను. ఒక ఆనవాలు మఱియొకదానికి దారి చూపుట, దానిని సాక్షుల కన్నులయెదుటనే నిర్ధారించుట, నేటి పరిశోధన నవలలు పాటించు పద్ధతియే. అయితే భేదమొకటి కలదు. నవలలో దొంగ యెవడో పాఠకునకు తుదివరకు తెలియదు. ఇచ్చట సింహమే చంపెనని శ్రోతకు ముందే తెలియును. తెలియనిది ద్వారకావాసులకు మాత్రమే. కావున శ్రోత దొంగ యెవడని యడుగడు. ఈ మచ్చ యెప్పుడు తొలగునాయని ఆరాటపడును.

గుహలో 28 దినములు పోరు జరిగెను. వెలుపల పౌరులు 12 దినములు వేచి విచారముతో మరలిరి. తుదకు జాంబవంతుడు తన స్వామిని గుర్తించి, మణితోకూడ జాంబవతిని సమర్పించెను. కృష్ణుడు సత్రాజిత్తును రాజసభకు పిలిపించి, జరిగినదంతయు చెప్పి, మణిని అతని చేతికిచ్చెను. నింద నలుగురిలో పుట్టినది గాన నివారణమును నలుగురిలోనే జరిగెను. సిగ్గుపడిన సత్రాజిత్తు సత్యభామను మణితో నొసగగా, కృష్ణుడు కన్యను గ్రహించి మణిని మరల ఇచ్చివేసెను. ప్రణయమిచ్చట కథకు పైపూత కాదు. చేసిన అపరాధమునకు పరిహారము.

సామాన్యకథకుడు ఇచ్చటనే మంగళము పాడును. భాగవతకథ పాడలేదు. సత్యభామ తమకు దక్కలేదన్న అక్కసుతో అక్రూర కృతవర్మలు శతధన్వుని పురికొల్పిరి. అతడు నిద్రించుచున్న సత్రాజిత్తును చంపి మణిని హరించెను. సత్యభామ తండ్రి దేహమును తైలద్రోణియందుంచి, తానే హస్తినాపురమునకేగి భర్తకు తెలిపెను. శతధన్వుడు మిథిల చెంత హతుడయ్యెను. కాని అతని వస్త్రములలో మణి లేదు. అంతట రెండవ నింద పుట్టెను. ఈ మాఱు సందేహించినవాడు పరుడు కాడు, తోడబుట్టిన బలరాముడు. అక్రూరునిచే మణిని బంధువుల యెదుట చూపించి, కృష్ణుడు దానిని మరల అక్రూరునికే యిచ్చెను. రెండుమార్లు చేతికందిన మణిని రెండుమార్లును వదలుకొన్నవాడు వెదకినది మణిని కాదనుటకు వేఱు నిదర్శనమేల?

ఆంగ్లమున 1868లో విల్కీ కాలిన్స్ ప్రకటించిన 'ది మూన్‌స్టోన్' నవలయు ఈ సత్యమునే చెప్పును. 1799 నాటి శ్రీరంగపట్టణపు ముట్టడిలో ఒక ఆంగ్లసేనాధికారి దోచిన వజ్రము, రేచల్ అను యువతికి జన్మదినకానుకగా వచ్చి, ఆ రాత్రియే మాయమగును. దానిని తీసినవాడు ఆమె ప్రియుడు ఫ్రాంక్లిన్. తనకు తెలియకుండ ఇయ్యబడిన నల్లమందు మత్తులో, వజ్రమును కాపాడవలెనను తలంపుతో తీసెను. ఆమె కన్నులార చూచెను. ప్రేమవలన నోరు విప్పలేదు, నమ్మనూ లేకపోయెను. తుదకు వజ్రము సోమనాథమును చేరును. ప్రేమికులకు దక్కినది పరస్పరవిశ్వాసము. అక్కడ చంద్రుని మణి, ఇక్కడ సూర్యుని మణి, నింద మాత్రమొక్కటే.

నా తరగతిలో నొకసారి ఒక బాలిక వెండిగొలుసు పోయినది. ముందునాడు దానిని చేతబట్టి చూచిన పిల్లవానిపై అందఱి చూపులును పడినవి. వాని సంచి వెదకించినవాడను నేనే. మఱునాడు గొలుసు ఆమె యింటనే దొరకినది. వస్తువు దొరకినది గదాయని నేను ఊరకుంటిని. ఆ పిల్లవాడు చాలదినములు తలయెత్తి పాఠము చదువలేదు. ఆ యేటి చవితికి ఈ కథ చెప్పుచు రాజసభాఘట్టమునకు వచ్చినప్పుడు, నేను చేయవలసి చేయనిపని యేదో నాకు తెలిసినది. అందఱియెదుట వానిని పిలిచి, తప్పు నాదని చెప్పితిని.

ఈ ఉపాఖ్యానము విన్నవారికి అపకీర్తి తొలగునని భాగవతఫలశ్రుతి. వినుటతోపాటు, ఇతరులపై తొందరపడి నింద మోపకుండుటయు ఆ ఫలములో భాగమేయని నా విన్నపము.