జడ అల్లుకోవడానికి ఎనిమిది నెలలు

నలభయ్యెనిమిదేళ్ళ వయసులో సైకిలు మీదనుంచి పడ్డానని చెబితే ముందు అందరూ నవ్వుతారు. ఆ తరువాత, "ఎవరు గుద్దారు?" అని అడుగుతారు. ఎవరూ గుద్దలేదు. కుక్క కూడా అడ్డం రాలేదు. రోడ్డు మీద నాలుగు దోసిళ్ళ ఇసుక ఉంది, అంతే!

మాది విశాఖపట్నం. ఊళ్ళోంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డునే రోడ్డు ఉంది కదా, పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా. పై చదువుకు వెళుతూ మా అమ్మాయి ఇంట్లో వదిలేసిన సైకిలు తుప్పు పట్టిపోతోందని జాలిపడి నేనెక్కాను. ఆదివారాలు తెల్లవారేసరికి బయలుదేరి, ఋషికొండ దాటి, ఓపిక ఉంటే మంగమారిపేట దాకా వెళ్ళి వచ్చేదాన్ని. "ఈ వయసులో నీకు సైకిలేమిటమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని మా అత్తగారు అంటూనే ఉండేవారు. చూసేవాళ్ళు ఏమీ అనుకోలేదు. చేపల గంపలతో ఎదురొచ్చే ఆడవాళ్ళు మాత్రం నవ్వి పలకరించేవారు.

2023 జనవరి 8, ఆదివారం. సంక్రాంతి ఇంకా వారం ఉంది. ఒక వంపు తిరుగుతుంటే ముందు చక్రం ఇసుకలో జారింది. పడబోయేవాళ్ళెవరైనా చేసే పనే నేనూ చేశాను, చెయ్యి చాపాను. ఒళ్ళంతా ఆ కుడిచేతి మీద పడింది. లేవబోయి చూసుకుంటే గుండ్రంగా ఉండవలసిన భుజం పలకలా చదునైపోయి ఉంది. ముందువైపు ఏదో బుడిపె పొడుచుకొచ్చింది. నెత్తిన హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది.

"సెయ్యి కదపకమ్మా, అలాగే ఉంచు!" అంటూ ఒకావిడ గంప దింపి, తలమీద చుట్టగా పెట్టుకున్న గుడ్డ విప్పి, నా చేతిని మెడకు వేలాడగట్టింది. ఆసుపత్రిలో ఆ కట్టు చూసి, "ఎవరు కట్టారో గాని బాగా కట్టారు" అన్నారు. ఆవిడ పేరైనా అడిగాను కాను.

జారిన కీలును అక్కడ కుదురులోకి ఎక్కించారు. ఎక్స్‌రే తీసి, ఎముకలు నిక్షేపంలా ఉన్నాయన్నారు. మూడు వారాలు మెడకు జోలె కట్టుకుని పండగంతా కూర్చునే గడిపాను. వచ్చిన చుట్టాలందరూ వైద్యులే! వెల్లుల్లి కాచిన నూనె ఒకరు, పసుపు పట్టు ఒకరు, పుత్తూరు కట్టు ఒకరు. విరగని ఎముకకు కట్టెందుకండీ అంటే, "నీకేం తెలుసు, ఊరుకో" అనేవారు.

మూడు వారాలయ్యాక జోలె తీశారు. చెయ్యెత్తమన్నారు. నా మనసు ఎత్తింది గాని చెయ్యి లేవలేదు. "భయం వల్లనమ్మా. ధైర్యంగా వాడుతూ ఉండండి, అదే వస్తుంది" అని పంపేశారు. నేనూ నమ్మాను. రెండు వారాలు ధైర్యంగా వాడాను. రాత్రిళ్ళు ఆ పక్కకు ఒత్తిగిల్లితే ప్రాణం పోయేది. ఆ రెండు వారాల సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

మావారు పట్టుబట్టి మరో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన ఏమీ అడగకుండా నా చేతిని తానే భుజం ఎత్తుకు లేపి, "ఇక్కడే పట్టుకోండమ్మా" అని వదిలేశారు. చెయ్యి దబ్బున కింద పడింది. "ఇది భయం కాదు" అన్నారాయన. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. జబ్బుందని చెప్పినందుకు సంతోషించిన రోగిని నేనేనేమో!

ఆయన చెప్పిన వివరం నాకు అర్థమైనంతవరకు ఇది. మన ఒంట్లో అన్ని కీళ్ళకంటే ఎక్కువ వైపులకు తిరిగేది భుజం. తుంటి దగ్గర ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజానికి ఆ వైభోగం లేదు. సాసరు మీద పెట్టిన నిమ్మకాయ లాంటిది దాని బతుకు. ఆ నిమ్మకాయ దొర్లిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటిని ఎముకకు బిగించే తాళ్ళవంటి పట్టీలన్నీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. నలభై దాటినవాళ్ళకు మొదటిసారి భుజం జారితే ఆ పట్టీలు చిరగడం అరుదేమీ కాదు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని పట్టీ కనబడదు. ఎంఆర్ఐ తీస్తే, చెయ్యి పైకెత్తే పట్టీ ఎముకనుంచి ఊడి వెనక్కు ముడుచుకుపోయి ఉంది!

ఫిబ్రవరి నెలాఖరున చిన్న రంధ్రాలలోంచే ఆపరేషను చేసి, ఎముకలో మేకుల్లాంటివి దిగగొట్టి, వాటి దారాలతో పట్టీని మళ్ళీ కుట్టారు. చంక కింద చిన్న దిండుతో ఆరు వారాలు మళ్ళీ జోలె. పడుకోవడానికి వీలులేదు, పడక కుర్చీలో కూర్చునే నిద్ర. కుట్టు ఎముకకు అతుక్కునేదాకా చెయ్యి తనంత తాను లేవకూడదు. కదలకుండా వదిలేస్తే కీలు బిగుసుకుపోతుంది. కదిపీ కదపనట్టు ఉండాలన్నమాట!

ఇక జడ సంగతి. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాను, చీర మాని నైటీలకు దిగాను, జడ మాత్రం ఒంటిచేత్తో ఎవరి తరమూ కాదు. మావారు బ్యాంకులో పెద్ద పెద్ద పద్దులు చూస్తారు గాని, మూడు పాయలు ఆయనకు లొంగలేదు. మొదటిరోజు అల్లినది అద్దంలో చూసుకుని, "ఇది జడా, మోకా?" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. రెండోనాటినుంచి మా అత్తగారు పీట వేసుకుని కూర్చుని, "ఇటు తిరుగమ్మా" అన్నారు.

ఆవిడకు డెబ్బయ్యారేళ్ళు. సైకిలు గురించి ఏదో ఒకటి అంటారని రోజూ బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని. ఒక్కమాటా అనలేదు.

చెయ్యి బాగుచేయించే అమ్మాయి, ఫిజియోథెరపిస్టు, వారానికి మూడుసార్లు వచ్చేది. ముందుకు వంగి, చేతిని ఏనుగు తొండంలా వేలాడదీసి ఊపమనేది. ఇది బోస్టనులో కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడి పేరుమీద వచ్చిన వ్యాయామమట. ఆయన భుజం గురించే ఒక పెద్ద పుస్తకం రాసి 1934లో అచ్చువేశాడట. భుజం మీద అంత రాయడానికేముంటుందని పూర్వం అయితే అనుకునేదాన్ని. జోలె విప్పాక దండెం కర్రతో, తలుపుకు కట్టిన గిలకతో సాధన మొదలైంది. ఆ పైన గోడ. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళు సాలీడులా పాకించుకుంటూ చెయ్యి ఎంత ఎత్తు వెళుతుందో అక్కడ పెన్సిలు గీత పెట్టి తేదీ వెయ్యాలి. ఆ గోడమీదే మా పిల్లల ఎత్తులు కొలిచిన గీతలున్నాయి. మా అమ్మాయి ఆరో ఏటి గీతను నేను మే నెలలో దాటాను.

నేను బడిలో లెక్కలు చెబుతాను. పాతికేళ్ళుగా పిల్లలకు కోణాలు కొలవడం నేర్పాను. ఇప్పుడా అమ్మాయి పెద్ద కోణమాని పెట్టి నన్ను కొలిచేది. యాభై. డెబ్బై. తొంభై. తొంభై అయిదు దగ్గర ఆగిపోయింది. జూన్ అంతా అక్కడే! బడి తెరిచారు. బోర్డు కింది సగంలోనే రాయగలిగేదాన్ని, వెనక బెంచీలకు కనబడేది కాదు. ఒక పిల్లవాడు లేచి, "మీరు చెప్పండి టీచర్, నేను రాస్తాను" అన్నాడు. వాడు మంచికే అన్నాడు. ఇంటికొచ్చి ఆ గోడముందు నిలబడి, ఉద్యోగం వదిలేస్తానని ఏడ్చాను.

మా అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "నాదీ చూడు" అంటూ ఎడమచెయ్యి గోడమీద పెట్టారు. భుజందాకా కూడా పోలేదు. "పన్నెండేళ్ళయిందమ్మా ఇలా."

"మరి ముడి ఎలా వేసుకుంటున్నారు అత్తయ్యగారూ?"

"తల వంచుకుంటాను."

అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యెత్తి దువ్వుకోవడం నేనెన్నడూ చూడలేదు. తలే చేతి దగ్గరికి వచ్చేది. ఒకే ఇంట్లో ఉండి పన్నెండేళ్ళు నేను గమనించలేదు, కన్నకొడుకూ గమనించలేదు. నా జడ అల్లినన్నాళ్ళూ నన్ను కింద కూర్చోబెట్టి తాను పీట ఎక్కింది అందుకే!

మరునాడే ఆవిణ్ణి నా డాక్టరుగారికి చూపించాం. చక్కెర జబ్బున్నవాళ్ళకు భుజం కీలు చుట్టూ ఉన్న తిత్తి బిగుసుకోవడం మామూలేనట. యాభై చుట్టుపక్కల ఆడవాళ్ళలోనూ ఎక్కువేనట. మొదట్లోనే చూపించి ఉంటే బాగుండేదని, ఇప్పటికైనా కొంత వదులవుతుందని అన్నారు. ఆనాటినుంచి గోడమీద రెండు వరసల గీతలు. సాయంత్రం టీవీలో సీరియల్ మొదలయ్యేలోగా ఇద్దరం పాకించడం పూర్తిచేసేవాళ్ళం. ఒకరోజు ఆవిడ నాకంటే ముందే వచ్చి నిలబడి, "ఆలస్యమైందేం?" అన్నారు.

నా తొంభై అయిదు జూలై మధ్యలో కదిలింది. రబ్బరు పట్టీ లాగే సాధనతో బలం వచ్చింది. డిగ్రీలకంటే నాకు వంటింటి అరలే బాగా అర్థమయ్యేవి. ఉప్పుడబ్బా ఏప్రిల్లో, కాఫీపొడి జూలైలో, పోపులపెట్టె ఆగస్టులో అందాయి. సెప్టెంబరు రెండో వారంలో ఒక ఉదయం రెండు చేతులూ వెనక్కు పెట్టి జడ మొదలుపెట్టాను. మూడుసార్లు చెయ్యి దింపి ఆయాసం తీర్చుకున్నాను. వంకరగానే వచ్చింది. మావారు చూసి, "నాదే నయం" అన్నారు.

పై అరలో పండగలకు దింపే ఇత్తడి గిన్నెలున్నాయి. అవి ఇప్పటికీ అందవు, రెండంగుళాలు తక్కువ. డాక్టరుగారు ఇక ఇంతేనన్నారు. స్టూలు కొన్నాను. మా అత్తగారి చెయ్యి చెవి దాకా వస్తోంది.

ఆ డిసెంబరులో సైకిలు తుడిచి, టైర్లలో గాలి కొట్టించాను. అత్తగారు వీధి గుమ్మందాకా వచ్చి, "ఇసుక చూసుకో" అని మాత్రం అన్నారు. ఇప్పుడూ ఆదివారాలు ఋషికొండ దాటుతాను. ఆ వంపు దగ్గర మాత్రం దిగి, సైకిలు నడిపించుకుంటూ వెళతాను.