జీపుకు పేరు తెచ్చిందెవరు?

కడప జిల్లా వేంపల్లె నుంచి ఏ వైపు బయల్దేరినా కాస్త దూరంలో కొండో, వంకో, ఏరో ఎదురవుతుంది. గండి దగ్గర పాపఘ్ని కొండల్ని చీల్చుకుని దిగుతుంది. ఇడుపులపాయ వైపు శేషాచలం కొండల అంచులు, యర్రగుంట్ల వైపు నాపరాతి గనులు, పులివెందుల దారిలో చీనీతోటలు, అరటితోటలు, వాటి నడుమ రాళ్లు తేలిన బండిబాటలు. వానలు తక్కువే గానీ, పడిన నాడు వంకలు ఒక్కసారిగా పొంగి దారిని కోసుకుపోతాయి. ఇలాంటి నేల మీద జనం ఏళ్ల తరబడి నమ్ముకున్న బండి జీపు. ఎద్దులబండి చేరలేనంత దూరానికీ, బస్సు రాలేనంత లోపలి పల్లెకూ మధ్య ఉన్న ఖాళీని అది పూడ్చింది. పుట్టింది అమెరికాలో, అదీ యుద్ధం కోసం. దాన్ని గీసినవాళ్లు కడప జిల్లా మెట్టపొలాల పేరైనా విని ఉండరు. మరి ఇక్కడ దానికి అంత నమ్మకం ఎలా కుదిరింది? కంపెనీ గొప్పది కాబట్టి అనుకోవడం తేలిక. కానీ ఆ బ్రాండు చరిత్రను ఓపికగా చూస్తే మరో సంగతి తేలుతుంది. జీపు అన్న పేరును చేతులు మార్చుకున్న కంపెనీలకంటే, ఎవరైనా విప్పి బాగుచేసుకునేలా ఆ బండిని గీసిన ఇంజినీర్లకూ, దాన్ని నిజంగా విప్పి బాగుచేసిన మన షెడ్డు మెకానిక్కులకూ ఆ పేరులో ఎక్కువ వాటా ఉంది.

1940 వేసవిలో జర్మనీ సైన్యాలు ఫ్రాన్సును ఆక్రమించిన రోజుల్లో అమెరికా సైన్యానికి ఒక చిన్న నిఘా బండి కావలసి వచ్చింది. తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందాలి, నమూనా 49 రోజుల్లో చేతికి రావాలి. 135 కంపెనీలను అడిగితే ముందుకొచ్చినవి రెండు మూడే. వాటిలో గడువులోగా ఇస్తామని ఒప్పుకున్నది పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్లోని బాంటమ్ కంపెనీ ఒక్కటే. అప్పటికి అది దివాలా అంచున ఉంది. డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరును పిలిపించుకుంది. ఆయన రెండు రోజుల్లో బండి నక్షా గీసిపెట్టాడు. సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి బండి చేరేసరికి గడువుకు ఇంకా అరగంట మాత్రమే మిగిలి ఉంది. సైనికాధికారులకు బండి నచ్చింది, కానీ వేలకు వేలు తయారుచేసే సత్తా బాంటమ్‌కు లేదని అనుమానం వచ్చింది. అందుకని ఆ నక్షాలను విల్లీస్ ఓవర్‌లాండ్‌కూ ఫోర్డుకూ అందించారు. ఓహాయోలోని టొలెడో ఊరి కంపెనీ విల్లీస్ దగ్గర బార్నీ రూస్ తీర్చిదిద్దిన 60 అశ్వశక్తి ఇంజిను ఉంది. బలంలో మిగతా ఇద్దరి ఇంజిన్లూ దానికి సాటిరాలేదు. ముందు భాగానికి రేకును అచ్చొత్తి చేసే చవకైన జాలీ ఫోర్డు ఇచ్చింది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అసలు బండిని ఊహించిన బాంటమ్‌ వాటా మూడు వేలు కూడా దాటలేదు. ఆ తర్వాత దానికి దక్కిన పని ట్రైలర్లు తయారుచేయడం.

మన కథకు మూలం ఆ తయారీ షరతుల్లోనే ఉంది. యుద్ధభూమిలో షోరూము ఉండదు. బండి ఆగిపోతే పక్కనున్న సైనికుడే బాగుచేయాలి, లేదా పక్కనే పడి ఉన్న మరో జీపులోంచి సామాను పీకి బిగించాలి. కాబట్టి విల్లీస్ చేసిన భాగం ఫోర్డు జీపుకు సరిపోవాలని పట్టుబట్టారు. నిచ్చెనలాంటి ఛాసిస్, దాని కింద కమాన్ కట్టలు, మూత ఎత్తితే ప్రతి బోల్టూ కనిపించే ఇంజిను, ముందుకు మడిచేసే అద్దం, తీసి పారేయగల గుడ్డ టాపు. దాచిపెట్టిన భాగమంటూ లేదు. సైన్యం అడిగింది దృఢత్వమే అని చాలామంది చెబుతారు. నిజానికి జీపు అంత దృఢమైన బండి కాదు. కమాన్లు విరిగేవి, గేర్లు అరిగేవి. విరిగినా అరిగినా తిరిగి నడిపించగలగడమే దాని బలం. రాయలసీమలో పనికొచ్చిన గుణం కూడా ఇదే.

పేరు కోసం పోరు అమెరికాలోనే మొదలైంది. జీపును సృష్టించింది మేమేనని విల్లీస్ యుద్ధకాలంలో పత్రికల నిండా ప్రకటనలు వేసింది. అది నిజం కాదంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో అభియోగం మోపింది. ఈ బండి ఆలోచన బాంటమ్‌దీ సైనికాధికారులదీ అని, విల్లీస్ అలా చెప్పుకోకూడదని 1948లో తేల్చింది. అయినా 1950లో జీపు అన్న పేరు ట్రేడ్‌మార్కుగా విల్లీస్‌కే నమోదైంది. అప్పటికి బాంటమ్ కార్ల రంగంలోనే లేదు. ఆ తర్వాత పేరు చేతులు మారుతూ పోయింది. 1953లో కైజర్, 1970లో అమెరికన్ మోటార్స్, 1987లో క్రైస్లర్, 1998లో జర్మనీ వాళ్ల డైమ్లర్‌తో కలయిక, ఆ తర్వాత ఇటలీ ఫియట్, 2021 నుంచి స్టెలాంటిస్. యజమానులు ఇన్నిసార్లు మారినా జనానికి ఆ బండి మీద నమ్మకం చెదరలేదు. ఆ నమ్మకం ఏ ఒక్క యజమాని వల్లా ఏర్పడింది కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన దేశంలోకి జీపు రెండు దారుల్లో వచ్చింది. యుద్ధం తర్వాత మిగిలిపోయిన సైనిక వాహనాలు ఒక దారి. రెండోది మహీంద్రా. యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో భారత సరఫరాల బృందానికి నాయకత్వం వహించిన కె.సి. మహీంద్రా, తన అన్న జె.సి. మహీంద్రాతోనూ మాలిక్ గులాం మహమ్మద్‌తోనూ కలిసి 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ పెట్టారు. దేశ విభజనతో గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఈలోగా 1947 నుంచే విల్లీస్ జీపు విడిభాగాలను బొంబాయికి తెప్పించి బిగించే పని మొదలైంది. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద కుంభకోణంగా చెప్పుకునేదీ జీపులదే. 1948లో కాశ్మీరు యుద్ధం నడుస్తుండగా లండన్‌లోని హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ నిబంధనలు పక్కనబెట్టి 80 లక్షల రూపాయలకు ఒక విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకున్నారని, రావలసిన జీపుల్లో 155 మాత్రమే వచ్చాయని గొడవ లేచింది. దాన్ని పరిశీలించిన సంఘానికి నాయకుడు మన సీమవాడే, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ సంఘం సూచనలను పక్కనబెట్టి 1955లో ప్రభుత్వం వ్యవహారాన్ని ముగించేసింది. అయ్యంగార్ మరుసటి ఏడాది లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

ఇంత మరక పడినా పల్లెల్లో జీపు విలువ తగ్గలేదు. దానికి మొదటి కారణం సర్కారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చాయి. బీడీవో జీపు, మలేరియా వాళ్ల జీపు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జీపు, పోలీసు జీపు. ఊరికి దుమ్ము రేపుకుంటూ ఏదైనా బండి వచ్చిందంటే అందులో ప్రభుత్వం వచ్చినట్టే. దాంతో జీపుకు అధికారపు దర్పం అంటుకుంది. కానీ దర్పం వల్ల భయం పుడుతుంది, నమ్మకం పుట్టదు. జీపు మామూలు మనిషి బండి అయింది తర్వాతి అంకంలో, అదీ డీజిల్ వల్ల.

1973లో చమురు ధరలు మండిపోయాక పెట్రోలు జీపు నడపడం తలకు మించిన పని అయింది. మహీంద్రా అప్పటికే ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చేస్తోంది. ఆ వరసలోని డీజిల్ ఇంజినును జీపులో బిగించింది; తర్వాతి కాలంలో ఫ్రాన్సు వాళ్ల ప్యూజో డీజిల్ ఇంజిను వచ్చింది. పల్లెటూరి కోణంలో ఇది చిన్న మార్పు కాదు. ట్రాక్టరు ఇంజిను గుట్టు తెలిసిన మెకానిక్కుకు జీపు ఇంజిను కొత్తేమీ కాదు. పంపు, ఇంజెక్టరు, పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్, అన్నీ చేయి తిరిగిన పనులే. కమాన్ పట్టీ విరిగితే ఆ ఒక్క పట్టీ మార్చి కట్ట మళ్లీ బిగించేవారు. ఛాసిస్‌కు చీలిక వస్తే వెల్డింగ్ షెడ్డులో అతుకు పడేది. బాడీ కుళ్లిపోతే కొత్త రేకుతో బాడీ కట్టించుకునేవారు. అమెరికాలో 1968లోనే ఆపేసిన సీజే 3బీ నమూనా ఇక్కడ దశాబ్దాలపాటు కొనసాగడానికి కారణం పాత మోజు కాదు. దాని సామాను ప్రతి చిన్న పట్నంలో దొరికేది, దాన్ని విప్పడం తెలిసిన మనిషి ప్రతి సెంటర్లో ఉండేవాడు. తర్వాత పొడుగు చేసిన కమాండర్ లాంటి నమూనాలు రావడంతో సర్వీసు జీపులు పుంజుకున్నాయి. బస్సు రోజుకు రెండు మూడు సార్లు తిరిగే దారుల్లో, అసలే తిరగని దారుల్లో, సంతకు వెళ్లే వేరుశనక్కాయల మూటలు, గండి వీరాంజనేయస్వామి దర్శనానికి వెళ్లే భక్తులు, కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్లవలసిన బాలింతలు, అందరికీ అదే దిక్కయింది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. వేంపల్లె దారుల్లో తిరిగింది మహీంద్రా బండి గదా, దాని మంచి పేరును అమెరికా బ్రాండుకు ఎందుకు కట్టబెట్టాలి? నిజమే, కట్టబెట్టకూడదు. కానీ రెండూ వేరని కొట్టిపారేయడమూ కుదరదు. ఆ ఛాసిస్, ఆ రూపం, విప్పి బిగించే ఆ తీరు టొలెడో నుంచి లైసెన్సు మీద వచ్చినవే. ఈ చిక్కు ఎంత గట్టిదో ఈమధ్యే అమెరికాలో బయటపడింది. మహీంద్రా 2018లో మిచిగన్‌లో రాక్సర్ అనే బండిని తెచ్చింది. పొలాల్లో, కొండదారుల్లో నడపడానికి తప్ప రోడ్డు మీదికి కాదు. తమ జీపు రూపాన్ని కాపీ కొట్టారని ఫియట్ క్రైస్లర్ అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో కమిషన్ రాక్సర్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మహీంద్రా ముఖం మార్చి తెచ్చిన రూపానికి అదే ఏడాది డిసెంబరులో అభ్యంతరం లేదంది. చట్టం ప్రకారం తీర్పు సబబే కావచ్చు. అయితే ఆ రూపాన్ని అమెరికా మార్చుకుంటూ పోతున్న ఏళ్లలో దాన్ని మార్చకుండా బతికించింది భారతదేశపు ఫ్యాక్టరీ, భారతదేశపు దారులు. ఈ సంగతి ఏ ట్రేడ్‌మార్కు కాగితంలోనూ నమోదు కాదు కాబట్టి మనమైనా రాసుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. జీపు ప్రమాదకరమైన బండి. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. మలుపులో వేగంగా తిప్పితే బోల్తా కొట్టే గుణం ఉంది. 1980లో అమెరికా టీవీ కార్యక్రమం 60 మినిట్స్ సీజే 5 నమూనా బోల్తాల గురించి ప్రసారం చేశాక అక్కడ ఆ బ్రాండు పరువుకు పెద్ద దెబ్బే తగిలింది. మన దగ్గర పరిస్థితి అంతకన్నా ఘోరం. ఎదురెదురు బెంచీల మీద పట్టినంతమందిని కుక్కి, వెనక తలుపు పట్టుకుని మరికొందరు వేలాడుతూ, టాపు మీద మూటలతో నడిచిన సర్వీసు జీపుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఈ నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అయితే నేరం బండి ఒక్కదానిదే కాదు. పావు టన్ను బరువు మోయడానికి గీసిన బండి మీద బస్సు బరువు మోపవలసి వచ్చిందంటే, ఆ ఊళ్లకు బస్సు వేయనివాళ్లూ రోడ్డు వేయనివాళ్లూ కూడా అందులో భాగస్వాములే. 2000 చివర్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలయ్యాక తారు రోడ్లు పల్లెల దాకా వచ్చాయి, ఆటోలు వచ్చాయి, సర్వీసు జీపులు క్రమంగా పల్చబడ్డాయి. దారి బాగుపడ్డాక జనం ఆ ప్రమాదాన్ని అంత త్వరగా వదులుకోవడమే, అంతకుముందు వాళ్లకు మరో దారి లేదనడానికి సాక్ష్యం.

కక్షల సంగతీ దాటవేయలేం. సీమ పాతకక్షల్లో జీపు వాడారు, తర్వాత టాటా సుమో వాడారు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక పదేళ్లపాటు తెలుగు సినిమా ఈ బళ్లను ఆ ఒక్క పనికే వాడింది. దానివల్ల నష్టపోయింది బండి కాదు, ప్రాంతం. వేటకొడవళ్లు మోసిన జీపు తెర మీద లక్షసార్లు కనిపించింది. నెలలు నిండిన మనిషిని రాత్రికి రాత్రి కొండ దింపిన జీపు మాత్రం కనిపించలేదు.

ఇప్పుడు జీపు బ్రాండు మన దేశంలో సొంతంగానే అమ్ముడవుతోంది. 2016లో దిగుమతి బళ్లతో మొదలై, 2017లో పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో కంపాస్ తయారీ దాకా వచ్చింది. 2020 డిసెంబరులో దాని మాతృసంస్థ హైదరాబాదులో 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం పెడతానని ప్రకటించింది. అంటే ఈ బ్రాండు తెలుగు నేలకు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల రూపంలో వస్తోంది. మంచిదే. కానీ ఆ కొత్త బండి చెడితే కంప్యూటరు తగిలించి చూడాలి, సామాను కంపెనీ నుంచే రావాలి. ప్రకటనల్లో మాత్రం 1941 నాటి వారసత్వం గురించి ఘనంగా చెప్పుకుంటారు. భద్రత, సౌకర్యం, పొగ తగ్గింపు, వీటన్నిటిలో కొత్త బండే మేలు, సందేహం లేదు. ఆ పాత పేరు తెచ్చిన గుణం మాత్రం దీన్లో లేదు. ఈ తేడా తెలిసి కొనుక్కుంటే ఎవరికీ తప్పు లేదు.

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. ఆఫీసుల వెనక తుప్పు పడుతున్న పాత జీపులు ఒక్కొక్కటే తుక్కు కిందికి పోతాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చెబుతున్నారు, వేంపల్లె దానికి పక్కనే ఉంది. తుక్కుకు పోయేలోగా ఒక పాత డీజిల్ జీపును ఆ విద్యార్థులకు అప్పగించమని జిల్లా యంత్రాంగానికి విన్నపం. దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించడం నేర్పడానికి, చుట్టుపక్కల షెడ్లలో ఇంకా పనిచేస్తున్న పెద్ద మెకానిక్కులను గురువులుగా, జీతమిచ్చి పిలవాలి.