గాజు సీసాలో మూడు పొరలు

మా చిన్నత్త పొద్దున్నే మంచం మీద బోర్లా పడుకుని, తలా ఛాతీ అంచు నుంచి కిందికి వేలాడేసి దగ్గేది. మామయ్య పక్కన కూర్చుని, అరచేయి దొప్పలా వంచి వీపు మీద తట్టేవాడు. పావుగంటకి తెమడ వదిలేది. రోజంతా పడ్డది ఒకచోట పట్టి తెమ్మని విజయనగరంలో ఒక డాక్టరు చెబితే, ఖాళీ హార్లిక్స్ సీసాలో పట్టారు. కాసేపు కదపకుండా పెడితే సీసాలో మూడు పొరలు తేరాయి. పైన నురగ, మధ్యలో పల్చటి నీళ్లు, అడుగున పచ్చటి చీము. డాక్టరు ముందు ఆ సీసా చూశాడు. తర్వాత ఆవిడ వేళ్లు చూశాడు. వేళ్ల చివర్లు ఉబ్బి, గోళ్లు చిలకముక్కులా వంగి ఉన్నాయి. ఎక్స్‌రే ఇంకా కవరులోనే ఉంది.

ఆవిడకి పదేళ్ల కిందట టీబీ వచ్చింది. ఆరు నెలలూ మాత్రలు మింగింది, నయమైంది. దగ్గు మాత్రం పోలేదు. "టీబీ పోనాదన్నారు గదా బాబూ, మరీ దగ్గేటి?" అని అడగని మనిషి లేడు. ఒకచోట దగ్గు మందు రాశారు. ఇంకోచోట పరీక్షలో టీబీ క్రిమి కనపడకుండానే మళ్లీ టీబీ మాత్రలు మొదలుపెట్టారు. నాలుగేళ్లు అలా పోయాయి. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ నాలుగేళ్ల గురించే.

నిజానికి టీబీ పోయింది. అది పాడుచేసిన చోటు మిగిలింది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, అంటే భాగాలు, ఎడమదానికి రెండు. అత్తకి ఎడమవైపు కింది తమ్మెలో గాలిగొట్టాలు సాగిపోయి సంచుల్లా తయారయ్యాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. మన గెడ్డల్లో మలుపు దగ్గర నీరు నిలిచిపోయి నాచు పట్టినట్టు, ఆ సంచుల్లో తెమడ నిలిచిపోతుంది. దాంట్లో సూడోమోనాస్ లాంటి బాక్టీరియా కాపురం పెడతాయి. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతాయి, ఆపితే తిరగబెడతాయి. మచ్చలు కట్టిన ఆ గోడల్లోకి మందు సరిగ్గా చేరదు. అలా తిరగబెట్టిన ప్రతిసారీ సంచులు ఇంకాస్త సాగుతాయి.

చెడింది ఒక్క తమ్మె అయి, మిగతా నాలుగూ బాగుంటే, దాన్ని కోసి తీసేయొచ్చు. మన జిల్లాల్లో చాలామంది రోగులకి ఎవరూ చెప్పని మాట ఇది. చెప్పాల్సిన మాటా ఇదే.

కొత్త సంగతేం కాదు. 1931లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ పన్నెండేళ్ల పిల్లకి ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీసేశాడు. జబ్బు ఇదే, బ్రాంకియెక్టాసిస్. పిల్ల బతికింది. అప్పటికింకా పెన్సిలిన్ వాడకంలోకి రాలేదు, స్ట్రెప్టోమైసిన్ పుట్టనే లేదు. తర్వాత పదిహేడేళ్లకి ఐన్‌స్టీన్ కడుపు కోసిందీ ఈ నిస్సెనే.

మందుల్లేని ఆ రోజుల్లో టీబీకీ కత్తి ఒక దిక్కు. మా ఊళ్లో జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. నూతి దగ్గర స్నానం చేస్తుంటే, వీపు మీద ఒకవైపు రెక్క పక్కన మా పిల్లల పిడికిలి పట్టేంత సొట్ట కనపడేది. పక్కటెముకలు తీసి, ఛాతీ గోడని లోపలికి కుంగదీసి, టీబీ పట్టిన పుండు మూసుకునేలా చేసే థొరకోప్లాస్టీ అది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చేయించుకున్నారట. 1915లో అక్కడ శానిటోరియం మొదలైంది. విజయనగరంలో మద్రాసు మెయిలెక్కి, గూడూరు దాటి, పాకాల లైనులో మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగి, నెలలకొద్దీ అక్కడే ఉండిపోయారట. ఆ వైపు భుజం ఎప్పుడూ కిందికి జారి ఉండేది. చొక్కా భుజాన నిలిచేది కాదు.

తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, ఇంట్లో ఉండి మందులు మింగినవాళ్లూ శానిటోరియంలో ఉన్నవాళ్లంత బాగానే కోలుకుంటారని తేల్చింది. మంచాలు ఖాళీ అయ్యాయి. మంచిదే. దాంతోపాటు టీబీకి ఆపరేషనన్న ఆలోచన కూడా వెనక్కి పోయింది. మందులకి లొంగని టీబీ వచ్చాక అది మళ్లీ తిరిగొచ్చింది. ఎంపిక చేసిన రోగుల్లో, మందులకి తోడుగా ఊపిరితిత్తిలో కొంత భాగం తీయడం మేలు చేయగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఒకవైపు మొత్తం తీసేస్తే ఆ మేలు కనపడలేదు. మొండి టీబీకి ఆరు నెలల కొత్త మందుల కోర్సుని మన దేశం 2024లో ఆమోదించింది కాబట్టి, కత్తి అవసరం కొంత తగ్గుతుంది కూడా. మందులకి బదులు ఆపరేషన్ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ముందు మందులు, మధ్యలో కత్తి, తర్వాత మళ్లీ మందులు. క్రిములు నిండుగా ఉండగా కోస్తే, కుట్టిన గాలిగొట్టం మానక విచ్చుకోవచ్చు. గాలీ చీమూ ఛాతీలోకి వస్తాయి. సర్జన్లు అన్నిటికంటే భయపడేది దానికే.

అందరికీ కుదిరేదీ కాదు. రెండువైపులా పాడైనవాళ్లకి, తీశాక మిగిలే ఊపిరితో నాలుగు మెట్లు ఎక్కలేనివాళ్లకి సాధారణంగా చేయరు. సీటీ స్కాన్ తీస్తారు, గొట్టంలోకి ఊదించి బలం చూస్తారు, మెట్లెక్కిస్తారు. బక్కచిక్కినవాళ్లని ముందు తిండి పెట్టి నిలబెడతారు. మా అత్తకి నెలన్నరపాటు రోజూ రెండు గుడ్లు, పప్పు, పాలు. టీబీ రోగుల తిండికని 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇస్తున్న ప్రభుత్వం 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. చికిత్స నడుస్తున్నవాళ్లకే అది. టీబీ పోయి దాని మచ్చతో బతుకుతున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.

నెత్తురు సంగతి విడిగా చెప్పాలి. పాత పుండున్న ఊపిరితిత్తిలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. ఒకరోజు దగ్గుతో పాటు నెత్తురు దోసిళ్లతో పడొచ్చు. మనిషి పోయేది చాలాసార్లు నెత్తురు పోయి కాదు, ఆ నెత్తురు గాలిగొట్టాల్లో నిండి ఊపిరాడక. అందుకే ఏ వైపు జబ్బో తెలిస్తే మనిషిని ఆ వైపుకే ఒత్తిగిలి పడుకోబెట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి, మంచి ఊపిరితిత్తి పైన ఉండాలి. మనవాళ్లు కంగారులో వెల్లకిలా పడుకోబెడతారు. ఆసుపత్రిలో తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కారే నాళాన్ని లోపల్నుంచే మూసేస్తారు. అది చాలామందిని గండం గట్టెక్కిస్తుంది, ఆపరేషన్ ఆలోచించుకోడానికి వ్యవధి ఇస్తుంది. కొందరిలో మళ్లీ కారుతుంది.

అత్తకి విశాఖలో ఆపరేషనయింది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం వాళ్లు ఊపిరితిత్తి కోయించుకోవాలంటే చాలావరకు అక్కడికే వెళ్లాలి. పెదవాల్తేరులో చెస్ట్ ఆసుపత్రి, 1923 నాటి కేజీహెచ్, ఆపైన ప్రైవేటువి. ఉత్తరాంధ్ర కొండల్లోంచి ఎవరైనా అక్కడికి చేరాలంటే ముందు "ఛాతీ సర్జన్‌కి ఓసారి చూపించండి" అని ఒక్కరు చెప్పాలి కదా. టీబీ మందులు పూర్తయి ఏడాదైనా పచ్చటి తెమడ ఆగని ప్రతి మనిషికీ ఒక సీటీ, ఒక సర్జన్ మాట అందాలి. కోయాలా వద్దా అన్నది ఆ తర్వాత సంగతి.

ఆపరేషన్ థియేటర్లో ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాతది చూశాను. పక్కటెముకల మధ్య నుంచి వచ్చిన లావుపాటి గొట్టం మంచం కింద నీళ్లున్న సీసాలో మునిగి ఉంది. దగ్గినప్పుడల్లా నీళ్లలో బుడగలు లేచేవి, లోపల ఇంకా గాలి కారుతోందని లెక్క. నొప్పికి పళ్లు బిగించుకుని, కుట్ల మీద దిండు అదుముకుని దగ్గేది. దగ్గకపోతే మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకోదని నర్సమ్మ ఒకటే పోరు. మామయ్య కింద చాప మీద కూర్చుని ఆ సీసావంకే చూస్తుండేవాడు.

అయిదో రోజు పొద్దున డాక్టరుగారొచ్చి దగ్గమ్మా అన్నారు. దగ్గింది. మళ్లీ గట్టిగా అన్నారు. గట్టిగా దగ్గింది. బుడగ రాలేదు.

"ఆగిపోనాదే," అన్నాడు మామయ్య, చాప మీద నుంచి లేవకుండానే.