వెలివేసిన మనిషితో మాట్లాడాలా, వద్దా?

పేపర్లో ‘ఆంక్షలు’ అన్న మాట మీరు చూసే ఉంటారు. మా గడప తొక్కొద్దని ఒక మనిషికి చెప్పడం, ఆస్తులుంటే కదలకుండా కట్టేయడం అన్నమాట.

రష్యా ఎగువసభ అధ్యక్షురాలు వాలెంతీనా మత్వియెంకో సంగతే చూడండి. ఆవిడ 1949లో పుట్టింది ఉక్రెయిన్‌లోనే! 2014 మార్చి 1న ఆ ఉక్రెయిన్‌లోనే సైన్యాన్ని దింపడానికి ఆవిడ సభ అనుమతినిచ్చింది. ఆ నెల్లోనే అమెరికా, యూరోపియన్ యూనియన్ ఆవిడపై ఆంక్షలు పెట్టాయి.

పోట్లాడుకునే దేశాల ప్రజాప్రతినిధులను కూడా ఒకచోట కూర్చోబెట్టాలని 1889లో అంతర్ పార్లమెంటరీ యూనియన్ పుట్టింది. 2015లో న్యూయార్క్‌లో జరిగిన స్పీకర్ల సమావేశానికి అమెరికా షరతులతో వీసా ఇస్తే, ఆవిడ వెళ్ళనే లేదు. 2017లో యూనియన్ సభలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగితే ఆతిథ్యం ఇచ్చింది ఆవిడే. యుద్ధం సాగుతుండగానే 2025 జూలైలో జెనీవా సమావేశానికీ వచ్చారు.

బిడ్డను పోగొట్టుకున్న ఉక్రెయిన్ తల్లికి ఆ వార్త ఎలా ఉంటుందో ఆలోచించండి. మాటలు మానేస్తే యుద్ధం ఆగదు, నిజమే. కానీ కుర్చీ వేసినంత మాత్రాన చేసింది మాసిపోదు కదా! పిలవాలి, ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయాలి కూడా. మరి మీరేమంటారు?